నిరాశను కొలిచే కాగితం

మన ఇళ్లలో ఎవరైనా దిగులుగా కూర్చుంటే పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘మాయూసీ కుఫ్ర్ హై బేటా’. దైవ కారుణ్యం పట్ల నిరాశ చెందడం అవిశ్వాసమని దాని భావం. పాతికేళ్లకు పైగా పిల్లలకు ఉర్దూ, దీనియాత్ చెబుతున్న నేను ఈ మాటను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. జుమా ప్రసంగాలలో అన్నాను, పరామర్శకు వెళ్ళిన ఇళ్లలో అన్నాను. చివరికి 2021లో మానసిక వైద్యుల గదిలో, మా అపా కొడుకు ముందు కూర్చుని కూడా అన్నాను. ఆ చివరిసారి గురించే ఈ నాలుగు మాటలు. చెప్పుకోవడానికి గొప్ప సంగతి కాదు. అయినా మన కుటుంబాలలో ఇంకెవరూ నేను చేసిన పని చేయకూడదని రాస్తున్నాను.

మావాడు కువైట్‌లో ఏడేళ్లు డ్రైవరుగా పనిచేసి 2020లో తిరిగొచ్చాడు. అప్పులు ఉన్నాయి, పని లేదు. మొదట నిద్ర పోయింది, తర్వాత తిండి తగ్గింది, ఆ తర్వాత మాట కూడా తగ్గింది. ‘దిల్ ఘబ్రాతా’ అనేవాడు, అంతే. ఏడాది గడిచాక, ఎవరో చెబితే పట్నంలోని ఒక ఆస్పత్రికి తీసుకువెళ్లాం. అక్కడ ఒక కాగితం ఇచ్చారు. దానిమీద తెలుగులో టైపు చేసిన ఇరవై వాక్యాలు, ఒక్కో వాక్యం పక్కన ‘అవును’, ‘కాదు’ అని రెండు గడులు. మావాడిది ఉర్దూ మీడియం చదువు, తెలుగు నెమ్మదిగా కూడబలుక్కోవాలి. రద్దీ ఎక్కువగా ఉంది. “మాస్టారూ, మీరే చదివి మీ భాషలో చెప్పి టిక్కులు పెట్టించండి” అన్నాడు అక్కడి ఉద్యోగి. సరేనన్నాను. ఒక పక్క నేను, మరో పక్క మా అపా, మధ్యలో వాడు.

ప్రయత్నాలు మానేయాలనిపించడం గురించి ఒక వాక్యం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. “అల్లాహ్ మీద ఆశ వదులుకోలేదు కదా బేటా?” అని అడిగాను. తల్లి పక్కన కూర్చుని ఉంది, అడుగుతున్నది మామూ, అదీ పిల్లలకు దీన్ చెప్పే మామూ. వాడు ఏమంటాడు? “నహీఁ మామూ, అల్‌హందులిల్లాహ్” అన్నాడు. ‘కాదు’ గడిలో టిక్కు పెట్టాను. రేపటి గురించిన వాక్యాలన్నింటికీ ఇదే వరస. పైగా మధ్యలో ‘మాయూసీ కుఫ్ర్ హై’ అని గుర్తు చేశాను కూడా. ఇరవైకి మూడు మార్కులు వచ్చాయి. ఈ పరీక్షలో మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిదట. మందులు రాసి, నెల తర్వాత రమ్మన్నారు. మేం సంతోషంగా ఇంటికి వచ్చాం.

పదకొండో రోజు రాత్రి వాడిని మళ్లీ ఆస్పత్రికి మోసుకుపోవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల బతికాడు.

ఈసారి వైద్యురాలు మా ఇద్దరినీ బయట కూర్చోమన్నారు. ఉర్దూ తెలిసిన నర్సును పిలిపించి అదే కాగితం వాడి ముందు పెట్టారు. పదహారు వచ్చింది. అదే మనిషి, అవే ఇరవై వాక్యాలు, మధ్యలో రెండు వారాలైనా లేవు. మూడుకూ పదహారుకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ రెండు వారాలలో పుట్టింది కాదని నాకు తెలుసు. మదర్సాలో మేం హదీసు విద్య చదివేటప్పుడు ఉస్తాదులు మొదట నేర్పేది సనద్ పరిశీలన. ఒక మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో, ఆ గొలుసులో ప్రతి రావీ నమ్మదగినవాడో కాదో చూడాలి. ఒక్క రావీ జయీఫ్ అయితే మాట మొత్తం బలహీనమవుతుంది. వాడి మనసులో ఉన్నది కాగితం మీదికి చేరిన ఆ సనద్‌లో జయీఫ్ రావీని నేనే.

ఆ తర్వాత ఈ కాగితం ఎక్కడిది, దాని సంగతేమిటని తెలుసుకునే పనిలో పడ్డాను. దీన్ని తయారు చేసినవారు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు. ఆయన 1921లో పుట్టి, నూరేళ్లు బతికి 2021లో కన్నుమూశారు. కుంగుబాటు ఎంత ఉందో కొలవడానికి 1961లో ఆయన ఇరవై ఒక్క అంశాల పట్టిక చేశారు. నిద్ర, ఆకలి, అలసట, ఏడుపు, తప్పు చేశానన్న బాధ ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం అరవై మూడు. అంతకు ముందు ఏడాది ఇంగ్లాండులో మాక్స్ హామిల్టన్ మరో పట్టిక ఇచ్చారు. దానిలో రోగి రాయడు, వైద్యుడే ప్రశ్నించి, చూసి మార్కులు వేస్తాడు.

మరి ఇన్ని ఉండగా నిరాశకు ప్రత్యేకంగా ఇంకొకటి ఎందుకు? బెక్ తన రోగులను చూస్తూ గమనించినదేమిటంటే, ప్రాణం తీసుకోవాలన్న తలంపుతో ఎక్కువ దగ్గరి సంబంధం ఉన్నది దిగులుకు కాదు, రేపు అనేదేదీ తనకు లేదనుకోవడానికి. బాగా కుంగిపోయి కూడా ‘ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుందిలే’ అనుకునేవాడు ఉంటాడు. పైకి పెద్దగా ఏడుపూ దిగులూ లేకుండానే లోపల తలుపులన్నీ మూసుకున్నవాడూ ఉంటాడు. రెండోవాడి గురించే ఎక్కువ భయపడాలి. అందుకని 1974లో ఒక్క రేపటి గురించే అడిగే ఇరవై వాక్యాల పట్టిక తెచ్చారు. గడిచిన వారం రోజుల మనఃస్థితిని బట్టి జవాబు చెప్పాలి. పదకొండు వాక్యాలకు ‘అవును’ అంటే ఒక మార్కు, మిగతా తొమ్మిదింటికి ‘కాదు’ అంటే ఒక మార్కు. అన్నిటికీ ఒకేలా తలూపేవాడు దొరికిపోవడానికి అలా తిప్పి రాశారు. మూడు వరకు మామూలు, నాలుగు నుంచి ఎనిమిది కొద్దిపాటి నిరాశ, తొమ్మిది నుంచి పద్నాలుగు ఒక మాదిరి, ఆ పైన తీవ్రం.

ఇది ఎంతవరకు నిజం చెబుతుందో కూడా వాళ్లు చూశారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలతో ఆస్పత్రిలో చేరిన 207 మందిని ఐదు నుంచి పదేళ్ల పాటు గమనించి 1985లో ఫలితం ప్రకటించారు. వారిలో 14 మంది చివరకు ఆ పని చేశారు. ఈ పట్టికలో పది, అంతకు పైన మార్కులు అన్న గీత ఆ పని చేసినవారిలో నూటికి 91 మందిని ముందే పట్టుకోగలిగిందని తేలింది. 1990లో ఇంకో లెక్క వచ్చింది. ఆస్పత్రిలో చేరకుండా వైద్యానికి వచ్చిపోయే 1,958 మందిలో 17 మంది అలా పోయారు. వారిలో 16 మందికి ఈ పట్టికలో తొమ్మిది, అంతకు మించి వచ్చింది.

ఈ అంకెలు చూసి నేను మొదట బెదిరిపోయాను. మావాడికి పదహారు వచ్చింది మరి! వైద్యురాలిని అడిగితే ఆమె లెక్కను తిప్పి చూడమన్నారు. ఆ 207 మందిలో 193 మంది అలా పోలేదు కదా. తొమ్మిది దాటినవాళ్లలో చాలా చాలా మంది బతికే ఉన్నారు. ప్రమాదంలో ఉన్నవాళ్లను వదిలిపెట్టకుండా ఉండాలంటే ప్రమాదం లేనివాళ్లను కూడా ఎందరినో వలలో వేసుకోక తప్పదు. అందుకే ఇంగ్లాండులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ, ఎవరు మున్ముందు ప్రాణం తీసుకుంటారో జోస్యం చెప్పడానికి ఇలాంటి పట్టికలను వాడవద్దని 2011లో చెప్పింది. 2022లో ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా అదే చెప్పింది. ఎక్కువ మార్కులు వచ్చాయని వాడిని పోయినవాడి కింద జమ కట్టకూడదు, తక్కువ వచ్చాయని నిశ్చింతగా బస్సెక్కి ఇంటికి రాకూడదు. మేం వచ్చాం.

అలాగైతే ఈ కాగితం ఎందుకని మీరు అడగవచ్చు. నాకు అర్థమైనంతలో తొమ్మిది అన్న గీత జకాత్‌లోని నిసాబ్ లాంటిది. యాభై రెండున్నర తులాల వెండి విలువకు ఒక రూపాయి తక్కువైనంత మాత్రాన మనిషి బీదవాడైపోడు, ఒక రూపాయి ఎక్కువైతే ధనవంతుడూ కాడు. కాని ఆ గీత దాటితే ఒక విధి మీద పడుతుంది. ఇక్కడ ఆ విధి పడేది వైద్యుడి మీద, ఇంటివాళ్ల మీద. కూర్చోబెట్టి విడిగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు, మళ్లీ మళ్లీ చూడాలి. వారం వారం అదే కాగితం పెడితే మందు పనిచేస్తోందో లేదో కూడా కొంత తెలుస్తుంది. ఒక్కసారి వచ్చిన అంకె కంటే పదహారు పన్నెండు కావడం, పన్నెండు తొమ్మిది కావడం ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఇక మన సంగతికి వస్తాను. ఫిలడెల్ఫియాలో రాసిన వాక్యాలు మన గడపలో అడుగుపెట్టేటప్పుడు కొన్ని చిక్కులు వస్తాయి. వైద్యులు వీటిని తెలుసుకోవాలి, మనం వారికి చెప్పాలి. రేపు నాకు మంచి జరుగుతుందా లేదా అని అడిగితే నమాజు చదివే మనిషి ‘అల్లాహ్‌కే తెలుసు’ అంటాడు. కహఫ్ సూరా చదివినవాడు, ‘ఇన్షా అల్లాహ్’ అనకుండా రేపటి గురించి మాట ఇవ్వడు. అది నిరాశ కాదు, తవక్కుల్. కాని అవే రెండు మాటలను తలుపులన్నీ మూసుకుపోయినవాడు కూడా అంటాడు, తలదించుకుని. గడులేమో రెండే. అలాగే కుంగుబాటు పట్టికలో, తాను శిక్ష అనుభవిస్తున్నానన్న భావన గురించి ఒక అంశం ఉంది. కష్టాన్ని ఆజ్మాయిష్ అనుకునే విశ్వాసి ఉన్నాడు, గునాహ్‌లకు కఫ్ఫారా అనుకుని ఓదార్పు పొందేవాడు ఉన్నాడు, ‘అల్లాహ్ నన్ను తోసేశాడు, ఇది సజా’ అని కుమిలిపోయేవాడూ ఉన్నాడు. ముగ్గురికీ ఒకే మార్కు పడితే ఎలా? అనువదించేవాడికి ఆజ్మాయిష్‌కూ సజాకూ తేడా తెలిసుండాలి. రంజాన్‌లో ఇలాంటి కాగితాలు నింపితే నిద్ర, ఆకలి అంశాల దగ్గర ఉపవాసం సంగతి వైద్యుడి చెవిన వేయడం మరవకండి. సహరీకి లేచేవాడికి నిద్ర తక్కువే అవుతుంది.

ఇంకొక సంగతి. మనవాళ్లు మనసు బాధను ఒంటి మీద చెబుతారు. ‘గుండె దడ’, ‘తల బరువు’, ‘దిల్ బైఠా జా రహా’ అంటారు. ముఖ్యంగా మన ఆడవాళ్లు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఏ కోడలు ‘నాకు బతుకు మీద ఆశ లేదు’ అన్న గడిలో టిక్కు పెడుతుంది?

ఇప్పుడు నేను మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. దైవ కారుణ్యం పట్ల నిరాశ కూడదన్న ఉపదేశం ఉన్నది యూసుఫ్ సూరాలో. ఆ మాట చెప్పింది హజ్రత్ యాఖూబ్ (అ). ఏ యాఖూబ్ (అ)? కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయిన యాఖూబ్ (అ). రెండు సంగతులూ అదే సూరాలో కొద్ది వాక్యాల తేడాతో ఉన్నాయి. చూపు పోయేంత దుఃఖాన్ని ఖుర్ఆన్ అవిశ్వాసం కింద లెక్క కట్టలేదు. ఇక హజ్రత్ మర్యమ్ (అ) పురిటి నొప్పులతో ఖర్జూర చెట్టు మొదలును ఆనుకుని, తాను ఇదివరకే చనిపోయి, అందరూ తనను మరచిపోయి ఉంటే బాగుండునని అనుకున్నారు. అంతటి పుణ్యవతి నోటి నుంచి ఆ మాట వచ్చింది. దానికి పై నుంచి మందలింపు రాలేదు. దుఃఖించవద్దని ఓదార్పు వచ్చింది, కాళ్ల కింద నీటి వాగు వచ్చింది, తినడానికి పండిన ఖర్జూరాలు రాలాయి. ఈ ఆయత్‌లను నేను ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. నా మేనల్లుడు అదే స్థితిలో నా ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ప్రాణం తీసుకోవడం హరామ్. అందులో నాకు సందేహం లేదు, ఆ హద్దును సడలించడానికి ఇది రాయడం లేదు. రోగికి ఆ సంగతి తెలియక కాదు, చాలామందిని అదే ఆపుతుంది కూడా. కాని ‘నీకు ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నీ ఈమాన్ పోయింది’ అని చెబితే ఆలోచన పోదు. ఆలోచన అలాగే ఉండి, చెప్పుకునే నోరు మాత్రం మూతపడుతుంది. వైద్యుడి దగ్గర, కాగితం మీద, చివరికి తల్లి దగ్గర కూడా అబద్ధం చెప్పడం మొదలవుతుంది. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరు భయపడతారు. పరిశోధనలు చూస్తే అలా జరగదనే తేలింది. కాబట్టి అడగండి. సూటిగా, మెత్తగా, విడిగా అడగండి.

మన పూర్వీకులకు ఇదంతా తెలియనిది కాదు. పదకొండు వందల ఏళ్ల క్రితం బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికి, మనసుకు మేలు చేసే సంగతుల మీద ఒక గ్రంథం రాశారు. అందులో దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి కారణం తెలిసినది, ఆప్తులో ఆస్తో పోతే కలిగేది. రెండోది కారణం కనిపించనిది. ఈ రెండోది దేహంలోని దోషం వల్ల వస్తుందని, దానికి వైద్యం కావాలని ఆయన అన్నారు. ఆయన ఆలిమే, నాస్తికుడు కాదు. డమాస్కస్‌లో, కైరోలో కట్టిన బీమారిస్తాన్‌లలో మనసు చెదిరినవాళ్లకు చోటు ఉండేది. అలాంటి వారసత్వం ఉన్న మనం తావీజుల చుట్టూ ఏళ్లు గడుపుతున్నాం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న ఇరవై అయిదు మందికి పైగా రోగులు కదలలేక కాలిపోయారు. దుఆ మానమని ఎవరూ అనడం లేదు. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలియనిది కాదు.

బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జరిపిన మానసిక ఆరోగ్య సర్వేలో, కుంగుబాటు ఉన్నవారిలో నూటికి సుమారు 85 మంది వైద్యం అందనివారేనని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ పన్నెండులో లేవు. ఉన్నా ఇంతకంటే మెరుగ్గా తేలేదని నేను అనుకోను. చట్టం కొంత మారింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి వైద్యం ఇవ్వాలంటుంది, శిక్షించమనదు. ‘పోలీసు కేసవుతుంది’ అన్న భయంతో ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంట్లోనే దాచే కుటుంబాలు ఇది తెలుసుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

ఆస్పత్రుల వారికి కూడా ఒక మాట. రద్దీ ఉంటుంది, కాదనను. కాని ఇలాంటి కాగితాన్ని ఇంటివాళ్ల చేతికిచ్చి నింపించడం కంటే అసలు నింపకపోవడమే నయం. ఖాళీ కాగితం చూస్తే వైద్యుడికి అనుమానమైనా వస్తుంది. తప్పుడు మూడు మార్కులు ఆ అనుమానాన్ని కూడా చంపేస్తాయి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన నర్సులు, సమాజ సేవకులు మన ఊళ్లలో కరువు కాదు. వాళ్లకు నాలుగు రోజులు తర్ఫీదు ఇస్తే సరిపోతుంది. బంధువు కానివారు అడగాలి, మాట మార్చకుండా అడగాలి. నాలాంటి మౌల్వీ సాబులను, పెద్దమనుషులను గది బయటే ఉంచాలి.

నాలుగు నెలల తర్వాత మూడోసారి ఆ కాగితం పెట్టినప్పుడు మావాడు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ తనే చదువుకున్నాడట. ఒక వాక్యం దగ్గర ఆగి, “మేడమ్, రేపు సంగతి అల్లాహ్‌కే తెలుసు అనేవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి?” అని అడిగాడట. ఆమె నవ్వి, పక్కన ఖాళీలో రాసుకున్నారట. ఏడు వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు ఉన్నట్టుండి అడిగాడు: “మామూ, మొదటిసారి నువ్వు ఆశ వదులుకోలేదు కదా అని అడిగావే, అక్కడ అసలు ఏం రాసుంది?” ఆ వాక్యంలో ఏముందో చెప్పాను, ఈసారి ఏమీ మార్చకుండా. వాడు కొంతసేపు కిటికీ బయటకు చూస్తూ కూర్చుని, “అలా అడిగి ఉంటే అవుననేవాణ్ణి మామూ” అన్నాడు.